ఏటవతలి వరస

కవుకో ఏటిలో నీళ్ళు పారేది ఏడాదికి ఇరవై రోజులు. మిగిలిన రోజులన్నీ అది ఇసుక. ఉతిని ఊరివాళ్ళు ఆ ఇసుకలోనే చెలమలు తవ్వి నీళ్ళు తోడుకుంటారు, మేకలకు తాపుతారు, ఆ ఇసుక మీదే నడిచి అవతల ఉన్న ముతాలా సంతకు పోతారు. బడి అక్కడే, దవాఖానా అక్కడే, సర్కారు మనిషి చీఫ్ ఆఫీసూ అక్కడే. ఉతిని వైపు ఉన్నవి తుమ్మచెట్లూ, కందిచేలూ, దేవుడూ. ఆ ఇరవై రోజుల్లో మాత్రం ఏరు ఏ పూట వస్తుందో, ఎంత లోతు వస్తుందో ఎవరూ చెప్పలేరు. ఊళ్ళో చినుకు కూడా పడదు. ఎక్కడో ఎగువన కియానీ కొండ మీద మబ్బు కూర్చుంటుంది. రెండు గంటలు తిరిగేసరికి ఇక్కడ మిట్టమధ్యాహ్నపు ఎండలో ఎర్రనీళ్ళు గోడలా వచ్చి పడతాయి.

ఆ ఏటికి వంతెన కావాలని కమెనే అడగడం మొదలుపెట్టి ఇది అయిదో ఏడు.

కమెనేకు అరవై దాటాయి. మోకాళ్ళు అరిగాయి. ఊళ్ళో ఏ కమిటీ వేసినా ముందు ఆమె పేరే రాస్తారు, ఎందుకంటే ఆమెకు చదవడం వచ్చు, పైగా కాదనడం రాదు. చెలమల కమిటీ, బడి కమిటీ, మేకల మందు కమిటీ, చివరికి చర్చి పాత్రలు ఎవరు తోమాలనే కమిటీ. చాకిరీ చేసేవాడి నెత్తినే మరో మూట పెట్టడం ఏ దేశంలోనైనా ఉన్న ఆచారమే. వంతెన కమిటీ మాత్రం ఎవరూ ఆమె నెత్తిన పెట్టలేదు, తనే ఎత్తుకుంది.

రాజ్యాంగం మారాక జిల్లాల్లాంటి కౌంటీలు వచ్చాయి. ఊళ్ళో ఏం కట్టాలో ఊరివాళ్ళే చెప్పాలన్నారు. ప్రతి అక్టోబరులో వార్డు సభ పెడతారు. ఒక్కో పనికి ఒక్కో మనిషి అట్ట మీద పేరు రాసి పట్టుకుంటాడు, ఆ పని కావలసినవాళ్ళు అతని వెనక వరసలో నిలబడాలి. ఎవరి వరస పొడుగో ఆ పని ఆ ఏటి బడ్జెట్‌లోకి ఎక్కుతుంది. చేతులెత్తమంటే రెండు చేతులూ ఎత్తేవాళ్ళున్నారు, చీటీలు వేయమంటే చదవలేనివాళ్ళున్నారు. వరసలో నిలబడ్డ మనిషిని మాత్రం ఎవరూ ఇద్దరిగా లెక్కపెట్టలేరు. మంచి పద్ధతే. కమెనేకు పద్ధతి మీద ఎప్పుడూ కోపం లేదు.

మొదటి ఏడు సభ ఉందని చీఫ్ ఆఫీసు తలుపుకు కాగితం అంటించారు. తలుపు ఏటికి అవతల ఉంది, ఏరు పారుతోంది. అది తగ్గి వీళ్ళు వెళ్ళేసరికి సభ అయిపోయి కుర్చీలు కూడా ఎత్తేశారు. రెండో ఏడు వేళకే వెళ్ళారు గానీ వంతెన రోడ్ల కిందికి వస్తుందట, రోడ్ల సంగతి టీకి ముందే అయిపోయిందట. మూడో ఏడు ఒక గుమాస్తా మ్యాపు పరిచి, ఏరు రెండు వార్డులకు హద్దు కాబట్టి ఈ వార్డు సగం వంతెనే అడగాలన్నాడు. సగం దాకా పోయి ఏం చెయ్యాలి నాయనా అని కమెనే అడిగితే అతను నవ్వలేదు. రెండు గట్లూ ఒకే వార్డులో ఉన్నాయని రుజువు చేసే కాగితం తేవడానికి ఎనిమిది నెలలు పట్టింది. నాలుగో ఏడు ఎనభై ఎనిమిది మందిని తీసుకెళ్ళి వరసలో నిలబెట్టింది. అవతలి వరసలో తొంభై ఒక్కమంది. అసలైతే తమ వాళ్ళూ తొంభై ఒక్కరే. కట్టేసిన గాడిదలు తాడు తెంపుకుని ఎవరి జొన్నలోనో పడ్డాయని ముగ్గురు ఆడవాళ్ళు సరిగ్గా లెక్కపెట్టే వేళకు పరుగెత్తారు.

ఆ నవంబరులోనే కమెనే మనవరాలు కనీని లెక్కల పరీక్ష రోజు ఏరొచ్చింది. ఎనిమిదో తరగతి పెద్ద పరీక్ష. పిల్ల యూనిఫారం వేసుకుని, పెన్సిలు పట్టుకుని మధ్యాహ్నం దాకా గట్టు మీద నిలబడి ఇంటికొచ్చింది. ఏడవలేదు. పెన్సిలు డబ్బాలో పెట్టి మేకల్ని తోలుకుని పోయింది. ఏడ్చి ఉంటే కమెనే ఊరడించేది. ఏడవలేదు కాబట్టి ఆమెకు ఆ రోజు ఇంకా గుండెల్లో గుచ్చుకుంటూనే ఉంది. పిల్ల ఇప్పుడు మళ్ళీ అదే తరగతి చదువుతోంది.

అందుకని ఈ ఏడు కమెనే ఇల్లిల్లూ తిరిగింది. పద్దెనిమిదేళ్ళు నిండిన మనిషి ఒక్కరూ ఊళ్ళో ఉండకూడదంది. సభకు ముందు ఆదివారం చర్చి బయట అందర్నీ నిలబెట్టి ఒట్టు వేయించుకుంది.

"గాడిదలు ఎవరి చేలో పడ్డా సరే, ఆకాశం ఊడిపడ్డా సరే, నేను చెప్పిందాకా వరసలోంచి కాలు బయటపెట్టగూడదు. పెడితే నన్ను పాతిపెట్టినట్టే."

ఒట్టంటే ఆ ఊళ్ళో ఒట్టే. పైగా పెద్దావిడ తన ప్రాణం మీద వేయించుకున్న ఒట్టు. అందరూ తలలూపారు.

సభ రోజు తెల్లారేసరికి నూట ముప్ఫై ఎనిమిది మంది ఏరు దాటారు. వాళ్ళలో ఎనభై ఏళ్ళ కిమ్వెలే తాత కూడా ఉన్నాడు. మూడేళ్ళ కిందట ఏరు ఆయన గాడిదను పట్టుకుపోయింది, అప్పట్నుంచీ ఆ ఏటిని పేరు పెట్టి పిలవడు, 'అది' అంటాడు. కమెనే తమ్ముడి కోడలు మువేని కూడా ఉంది. నాలుగు నెలల చంటిదాన్ని ముసలి అత్తకు అప్పగించి వచ్చింది. ఊళ్ళో మిగిలింది కళ్ళు కనపడని ముసలివాళ్ళూ, పిల్లలూ, మేకలే. పిల్లలు మధ్యాహ్నం మేకల్ని చెలమల దగ్గరికి తోలుకుపోయి నీళ్ళు తాపుతారు. అది ప్రతిరోజూ ఉండేదే కాబట్టి దాని గురించి ఎవరూ ఆలోచించలేదు.

సభ పదింటికన్నారు. పదిన్నరకు బడి మైదానంలో షామియానా వేశారు, కింద ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. కుర్చీలు పెద్దల కోసం, జనం చెట్ల కింద కూర్చున్నారు. పదకొండుకు ప్రార్థన మొదలైంది. ముతాలాలో చర్చీలు మూడు. ఒక పాస్టరు చేత చేయిస్తే మిగతా ఇద్దరికీ కోపం, అందుకని ముగ్గురూ చేశారు. మూడో ఆయన ముందు ఇద్దరూ మర్చిపోయినవాటిని వెతికి వెతికి దేవుడికి చెప్పాడు. తర్వాత పన్నెండైంది. సభను ప్రారంభించవలసిన వార్డు సభ్యుడు రాలేదు. ఆయన వస్తే గానీ మొదలుపెట్టకూడదు. ఆడవాళ్ళు బుట్టలు అల్లుకుంటూ కూర్చున్నారు. మొక్కజొన్నా చిక్కుడు గింజలూ కలిపి ఉడికించిన మూటలు విప్పి తిన్నారు. ఒంటిగంటైంది, రెండైంది.

సభ నడపడానికి కౌంటీ నుంచి వచ్చిన అధికారి పేరు కిసీలు. ముప్ఫై ఏళ్ళుంటాయి. ఆ వారంలో అది ఆయనకు ఆరో సభ. గొంతు పోయింది. కమెనే వెళ్ళి పెద్దమనిషి వచ్చేలోపు వరసలైనా నిలబెట్టవచ్చు కదా అని అడిగింది. కూర్చో పెద్దమ్మా, నాకు మాత్రం ఇంటికి పోవాలని ఉండదా అన్నాడు. ఆ మాటలో కసురు లేదు. ఆమెకు అతని మీద జాలి కూడా కలిగింది.

వార్డు సభ్యుడు రెండున్నరకు వచ్చాడు. వచ్చి యాభై నిమిషాలు మాట్లాడాడు. ప్రభుత్వమంటే నేను కాదు, మీరే అన్నాడు. మీరు నిలబడితే ప్రభుత్వం నిలబడుతుంది అన్నాడు. పొద్దుటి నుంచీ ప్రభుత్వం చెట్టు కింద కూర్చుని కాళ్ళు తిమ్మిరెక్కి ఉంది. అయినా చప్పట్లు కొట్టారు. ఆయన వేరే సభ ఉందని అటు నుంచి అటే కారెక్కాడు.

మూడున్నరకు వరసలు కట్టారు. ఈ ఏడు పనులు నాలుగు. పశువుల్ని ముంచే మందునీళ్ళ తొట్టి, బడికి మరుగుదొడ్లు, దవాఖానాలో కాన్పుల గది, నాలుగోది వంతెన. మొదటి రెండింటి వెనక పాతిక మంది కూడా లేరు. అసలు పోటీ కాన్పుల గదితోనే. ఆ అట్ట పట్టుకున్నది కతూంగే, సంతలో టీ కొట్టు నడిపే ఆవిడ. కమెనే, కతూంగే బడిలో ఒకే బల్ల మీద కూర్చున్నవాళ్ళు. కమెనే వెనక్కి తిరిగి తన వరసను చూసుకుంది. మైదానం దాటి, గోలు పోస్టు దాటి, కంచె దాకా ఉంది. కతూంగే వరస గోలు పోస్టు దగ్గరే ఆగిపోయింది. కమెనే లెక్క ప్రకారం అక్కడ నూట పాతిక కంటే లేరు. అయిదేళ్ళలో మొదటిసారి ఆమెకు మోకాళ్ళ నొప్పి తెలియలేదు.

అప్పుడే వరస వెనక భాగంలో గలగల ఆగిపోయింది. బుట్టలు అల్లే చేతులు కూడా ఆగాయి. కమెనే వాళ్ళు చూస్తున్న వైపు చూసింది. కియానీ కొండ కనపడలేదు. కొండ ఉండవలసిన చోట మబ్బు ఉంది, కింది భాగం బూడిద రంగుగా నేలకు అంటుకుని ఉంది. మైదానంలో మాత్రం ఎండ చుర్రుమంటూనే ఉంది.

రెండు గంటలు. ఇక్కణ్ణుంచి ఏరు ముప్పావుగంట నడక. పిల్లలు ఈ వేళకు చెలమల్లో ఉంటారు.

కమెనే అట్టను కిమ్వెలే చేతికిచ్చి కిసీలు దగ్గరికి కుంటుకుంటూ పరుగెత్తింది. మావాళ్ళను ముందు లెక్కపెట్టు నాయనా, అదుగో మబ్బు, మేం ఏరు దాటాలి అంది. కిసీలు మబ్బు వైపు చూశాడు, చేతిలోని కాగితం వైపు చూశాడు. కాగితంలో వంతెన నాలుగో అంకె. ఒక్కో వరసనూ రెండుసార్లు లెక్కపెట్టి, పేర్లు రాసి, అది అయ్యాకే రెండోదానికి వెళ్ళాలి. పోయిన నెల ఇంకో వార్డులో వరుస మార్చి లెక్కపెట్టారని ఎవరో అర్జీ పెట్టారు. సభ మొత్తం రద్దయింది. ఆ అధికారి ఉద్యోగం ఇప్పటికీ ఊగుతోంది. మిగతా మూడు వరసలవాళ్ళూ ఒప్పుకుంటే మారుస్తానన్నాడు. తొట్టివాళ్ళూ మరుగుదొడ్లవాళ్ళూ వెంటనే ఒప్పుకున్నారు, వాళ్ళకు పోయేదేమీ లేదు.

కమెనే కతూంగే దగ్గరికి వచ్చింది. కతూంగే అంతా విన్నది. అట్టను రొమ్ముకు ఆనించుకుని నిలబడింది.

"నువ్వొక్క మాట చెప్పు కతూంగే. మమ్మల్ని గెలిపించమన్లా. ముందు లెక్కపెట్టమని చెప్పు, చాలు."

కతూంగే నేల చూస్తూ అంది. "నా కోడలికి ఎనిమిదో నెల. పోయినేడు పెద్ద కోడల్ని కాన్పుకి మోటారుసైకిలు మీద పట్నం తీసకపోతుంటే దారిలోనే పోయింది. నీకు తెలవందా? ఇప్పుడు మీరెళ్ళిపోతే మాకొచ్చుద్ది, కమెనే. నా నోటితో నేనెట్టా చెప్పేది?"

ఆ చావుకు కమెనే కూడా వెళ్ళింది, కతూంగే పక్కన రెండు రాత్రులు కూర్చుంది. చెడ్డది ఎవరన్నా ఎదురుగా ఉంటే తిట్టడానికి హాయిగా ఉండేది. ఇక్కడ ఉన్నది టీ కొట్టు కతూంగే. కమెనే వెనక్కి వచ్చి అట్ట పట్టుకుంది.

మొదటి వరసను లెక్కపెడుతున్నారు. కిసీలు సహాయకుడు ఒక్కొక్కరి పేరూ అడిగి, గుర్తింపు కార్డు చూసి, తాపీగా రాస్తున్నాడు. ఇరవై రెండు మంది. మళ్ళీ మొదటి నుంచి. కమెనే తనవాళ్ళను చూసింది. ఒక్కరూ కదల్లేదు. నూట ముప్ఫై ఎనిమిది ముఖాలూ కొండ వైపు తిరిగి ఉన్నాయి, కాళ్ళు మాత్రం వరసలో ఉన్నాయి. పోదామని ఎవరూ అనలేదు. అని ఉంటే ఆమె కసిరేది, కసిరి నిలబెట్టేది. ఏదో ఒకటి తేలేది. వాళ్ళు ఆమె మీద ఒట్టు వేశారు, అంతే.

మువేని ఆమెకు నాలుగో మనిషి. రవిక ముందు భాగమంతా పాలతో తడిసిపోయింది. పైట దాని మీదికి లాక్కుంటోంది.

"అత్తా, నేను పోతాననట్లా. మా పెద్దోడు చెలమ లోపలికి దిగి నీళ్ళు తోడతాడు, అదే చెప్తన్నా. లోపలున్నోడికి ఏరొచ్చే మోత ఇనపడదు."

రెండో వరస మొదలైంది. దాని తర్వాత కతూంగే వరస, నూట పాతిక మంది, రెండుసార్లు. కమెనే మనసులో కూడుకుంది. వంతెన దాకా వచ్చేసరికి ఇంకో గంటంపావు. మబ్బు కొండను వదల్లేదు. వంతెన లేదు కాబట్టి వంతెన కోసం నిలబడలేరు, నిలబడలేరు కాబట్టి వంతెన రాదు. పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు, పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు. అయిదేళ్ళు తిరిగి తిరిగి ఆమె వచ్చి నిలబడింది ఆ సామెత మధ్యలో. ఆమెకు నవ్వు రాలేదు. ఎక్కడన్నా కాస్త నీడ చూసుకుని పడుకోవాలనిపించింది.

"పోండి" అంది.

ఎవరూ కదల్లేదు. వినపడలేదేమో అనుకుని వెనక్కి తిరిగి గట్టిగా చెప్పింది. అయినా కదల్లేదు. కిమ్వెలే తాత కర్ర నేలకు పొడిచి, ఇంత దూరమొచ్చి లెక్కకు ముందు పోయేదేందే, గాడిదలకు పోయినోళ్ళని ఏడాదంతా తిట్టావు గదా అన్నాడు.

"తిట్టాను. తిట్టింది గాడిదలకి పోయినందుకు. ఇయ్యాల పిల్లలున్నారు తాతా. ఒట్టు తీసేశా, నేనే వేయించా, నేనే తీసేశా. దేవుడి ముందు నాదే పూచీ. పరిగెత్తండి."

మువేని మొదట పరుగెత్తింది. తర్వాత వరస ఒక్కసారిగా తెగింది. ఆడవాళ్ళు చెప్పులు చేతపట్టుకుని, సగం అల్లిన బుట్టలు చంకన పెట్టుకుని కంచె దాటి దిగువకు పోయారు. మగవాళ్ళు ముసలివాళ్ళను రెక్కలు పట్టి నడిపించారు. దుమ్ము లేచింది, మళ్ళీ సర్దుకుంది. మైదానంలో అంత మేర ఖాళీ అయ్యింది. ఖాళీకి ఈ చివర కమెనే అట్ట పట్టుకుని నిలబడి ఉంది.

ఆమె కూడా పోవచ్చు. ఉండి చేసేది లేదు. కానీ మనవరాలు గట్టు మీద నిలబడ్డన్ని గంటలన్నా తను ఇక్కడ నిలబడకపోతే ఇంటికి వెళ్ళి ఆ పిల్ల ముఖం చూడలేననిపించింది. నిలబడింది. రెండో వరస అయ్యింది. కతూంగే వరస ఒకసారి అయ్యింది, రెండోసారి అయ్యింది. నూట ఇరవై ఆరు. చప్పట్లు పెద్దగా కొట్టలేదు. ఆ వరసలోవాళ్ళు ఖాళీ మైదానాన్ని చూసి చూడనట్టు తల తిప్పుకున్నారు. కతూంగే కొట్టు తెరవాలని గబగబా వెళ్ళిపోయింది, కమెనే పక్క నుంచి పోలేదు, బడి చుట్టూ తిరిగి పోయింది.

కిసీలు ఆమె దగ్గరికి వచ్చి ఆగాడు. "పెద్దమ్మా, ఉపసంహరించుకున్నట్టు రాసేదా? ఒకటని రాస్తే బాగుండదు."

"ఒకటని రాయి నాయనా. నిలబడ్డది ఒకరే గదా."

పద్ధతి పద్ధతే. ఆమె పేరు అడిగాడు, కార్డు చూశాడు, ఒకటి అని రాశాడు. సహాయకుడు రెండోసారి కూడా లెక్కపెట్టాడు, నవ్వకుండానే. కాగితం చివర ఒక గడి ఉంది. ఈ పని మీద ప్రజల ఆసక్తి ఎక్కువా, మధ్యస్థమా, తక్కువా అని అందులో గుర్తు పెట్టాలి. కిసీలు పెన్ను ఆ గడి మీద కాసేపు ఆగింది. పొద్దున్నే వచ్చిన నూట ముప్ఫై ఎనిమిది మందినీ అతను చూశాడు, ఎందుకు పోయారో కూడా చూశాడు. దాన్ని రాయడానికి మాత్రం గడి లేదు. తక్కువ అన్నచోట గుర్తు పెట్టి సంతకానికి కాగితం ఆమె ముందుకు చాపాడు. ఆమె చదివింది. వాదించాలనుకుంది. నోరు తెరిస్తే మాట బదులు ఆవలింత వచ్చింది. సంతకం పెట్టింది.

ఏటి దాకా వచ్చేసరికి సూర్యుడు కిందికి దిగాడు. దారంతా ఆమె చెవులు రిక్కించి నడిచింది. ఏరొస్తే మైలు దూరం నుంచే మోత వినపడుతుంది. తను ఇవతలే చిక్కుకుంటే రాత్రికి కతూంగే ఇంటి తలుపే తట్టాలి, ఆ ముఖం చూడాలి. దానికంటే తుమ్మ కింద పడుకోవడం నయం అనుకుంది. మోత లేదు. గట్టెక్కి చూసింది.

ఏటి నిండా ఇసుకే. పొద్దున వాళ్ళు దాటినప్పటి అడుగులూ, ఇందాక పరుగెత్తినప్పటి అడుగులూ నీళ్ళకు చెదరకుండా ఉన్నాయి. ఎగువన కొండ స్పష్టంగా, శుభ్రంగా కనపడుతోంది. మబ్బు అటు పక్కకు, వేరే ఎవరి ఏటికో పోయింది.

కమెనే గట్టు మీద నిలబడి ఆ పొడి ఇసుకను చూసింది. అరవై ఏళ్ళలో ఆ ఏటిని ఎన్నో తిట్లు తిట్టింది, వచ్చినందుకు తిట్టింది. "ఇయ్యాలన్నా వచ్చి చావలేకపోయావా" అంది. దిగి ఇసుకలో నడిచింది. తొందర లేదు, తొందరపడాల్సిన పనేమీ మిగల్లేదు. నడిమధ్యకు వచ్చాక ఆగి ఎగువకు తిరిగి చూసింది. ఇప్పుడొచ్చినా బాగుండు అనుకుంది. తర్వాత తను అనుకున్నదేమిటో తెలిసి అడుగు ముందుకు వేసింది.

అవతలి గట్టు మీద ఊరంతా ఉంది. ఒక్కరూ ఇంటికి పోలేదు. పిల్లల్ని, మేకల్ని పైకి తోలేశారు. మువేని చంటిదాన్ని తెప్పించుకుని పాలిస్తోంది, పెద్దవాడు ఆమె వీపుకు ఆనుకుని నిద్రపోయాడు. అందరూ ఒకే వైపు తిరిగి కూర్చున్నారు. కమెనే తన కోసం ఎదురుచూస్తున్నారనుకుంది. దగ్గరికి వచ్చాక చూస్తే ఎవరూ ఆమె వైపు చూడటం లేదు. ఎగువకు చూస్తున్నారు.

ఎంతైందని కిమ్వెలే తాత అడిగాడు. ఒకటి అంది. ఆయన తలూపాడు. గెలిచింది ఎవరని ఎవరూ అడగలేదు.

"వచ్చుద్దిలే. అది ఒక్కోసారి ఆలీసంగా వచ్చుద్ది. ఆ మబ్బుకి రాకుండా ఎట్టుంటది?" అన్నాడు తాత. మగపెళ్ళివారు ఇంకా రాలేదని ఆడపిల్ల తండ్రికి ధైర్యం చెప్పే గొంతుతో అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు అవునవునన్నారు. పోయినేడాది ఇట్లాగే చీకటి పడ్డాక వచ్చిందని ఒకరు, అమావాస్య దగ్గర్లో ఎప్పుడూ వస్తుందని ఇంకొకరు చెప్పారు. అప్పుడు కమెనేకు అర్థమైంది. అది వస్తే వాళ్ళు పరుగెత్తి వచ్చింది న్యాయమవుతుంది. పిల్లల్ని కాపాడుకున్నవాళ్ళవుతారు. రాకపోతే, మబ్బును చూసి బెదిరి వంతెనను వదిలేసుకున్నవాళ్ళవుతారు.

ఆమె కూడా కూర్చుంది. మోకాళ్ళు చాపుకుంది. తప్పు నాదే, పొమ్మన్నది నేనే అని చెబుదామనుకుంది. చెబితే వాళ్ళు కాదంటారు, ఆ కాదనడం భరించే ఓపిక ఆమెకు లేదు.

వెలుగు ఎర్రబడే వేళకు అది వచ్చింది. మోత లేదు. ఒక మేక పిల్ల అరిచింది. అందరూ చూశారు. ఇసుక మీద నురుగు నాలుకలాంటిది ఒకటి, గడ్డిపరకలూ మేక పెంటికలూ తోసుకుంటూ, ఆగి ఆగి వస్తోంది. వెనక సన్నగా ఎర్రనీళ్ళు. మనుషులు లేచి నిలబడ్డారు. నీళ్ళు వాళ్ళ అడుగుల్ని ఒక్కొక్కటే నింపుకుంటూ ముందుకు పోయాయి. ఇంకా వెనక వస్తుందేమోనని చూశారు. రాలేదు. కిమ్వెలే తాత కర్ర పట్టుకుని గట్టు దిగి అందులోకి నడిచాడు. నడిమధ్య దాకా పోయి నిలబడి, వంగి తన కాళ్ళను చూసుకున్నాడు.

"చీలమండ దాకా కూడా లేదే" అన్నాడు, ఎవరితోనని కాకుండా.

కమెనే లేచింది. చీకటి పడుతోంది, పొయ్యిలు వెలిగించాలి, పిల్లలు తినలేదు, ఇక ఇళ్ళకు పదండి అని అందరికీ చెప్పింది. ఆమె మాటకు ఆ ఊళ్ళో ఎదురు లేదు. అయినా ఎవరూ లేవలేదు. ఎగువకు చూస్తూనే ఉన్నారు.

మువేని చంటిదాన్ని ఈ రొమ్ము నుంచి ఆ రొమ్ముకు మార్చుకుంది.

"ఇంకొంచేపు చూద్దాం అత్తా" అంది. "పెద్దది ఎనకొస్తదేమో."

కమెనే ఆమె పక్కన మళ్ళీ కూర్చుంది.